బావకు పోసిన టీకా మందు

డెబ్బైల్లో నేను టీకాలు వేసే ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆదోని చుట్టుపక్కల పల్లెల్లో నన్ను చూస్తే పిల్లలే కాదు, తల్లులు కూడా తలుపులేసుకునేవాళ్ళు. భుజాన ఐసు ఫ్లాస్కు, చేతిలో నల్ల గొడుగు, మొహాన కోపం. ఈ మూడూ లేకుండా నన్ను ఎవరూ చూసి ఉండరు. కోపం ఊరికే వస్తుందా మరి? కోసిగి దాకా బస్సులో నిలబడి పోయి, అక్కణ్ణుంచి ఎండలో నడిచి పల్లె చేరితే, పిల్లల్ని గడ్డివాము వెనక దాచిపెట్టి "మా ఇంట్లో పిల్లోళ్ళే లేరమ్మా" అనేవాళ్ళు. ఎదురుగా తాడు మీద చిన్న చిన్న చొక్కాలు ఆరుతుంటాయి! "అయితే ఈ సొక్కాలు నువ్వు తొడుక్కుంటావా తల్లీ?" అని అరిచేదాన్ని. ఆ అరుపుకి గడ్డివాము వెనక నుంచి ఎవడో ఒకడు కిసుక్కున నవ్వేవాడు. వాణ్ణి పట్టుకుని ముందు వాడికే వేసేదాన్ని.

నేను వేసేది బీసీజీ. క్షయ రాకుండా పిల్లలకు భుజం మీద వేసే టీకా. అందులో ఉండేది చచ్చిన పురుగు కాదు, బతికున్నదే. కాకపోతే జబ్బు చేసే సత్తువ పోగొట్టిన పురుగు. ఎండ తగిలితే చచ్చిపోతుంది, వేడి తగిలితే చచ్చిపోతుంది. చంటిబిడ్డను మోసినట్టు మోయాలి దాన్ని. గొడుగు నా నెత్తికి కాదు, ఫ్లాస్కుకు పట్టేదాన్ని. ఆ సంగతి తెలియక జనం "సూదమ్మకు మతి లేదు, నెత్తి మాడుతున్నా సీసాకు గొడుగు పడతాది" అని నవ్వుకునేవాళ్ళు.

వాళ్ళందరికంటే ఎక్కువ నవ్వింది మా బావ. మా అక్క మొగుడు. ఎమ్మిగనూరులో నూలుకు రంగు వేసేవాడు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా "మా మరదలు వస్తాందంటే కోళ్ళు కూడా గంపల కిందికి పోయి దాక్కుంటాండాయి" అనేవాడు. "నువ్వు వస్తాండావంటే గోడలన్నీ ఎర్రగైతాండాయి, ఏదీ ముట్టుకోవాక!" అని నేనూ ఊరుకునేదాన్ని కాదు. మోచేతుల దాకా ఎరుపు దిగని మనిషి ఆయన. చేనేత సొసైటీ మగ్గాల మీద నేసే దుప్పట్ల అంచుకు ఆయన వేసిన ఎరుపే పోయేది. ఎన్ని ఉతుకులైనా వెలిసేది కాదు. సలసల కాగే తొట్టిలో నూలు చిలపను, అంటే పోగుల కట్టను, కట్టెతో ముంచి, సరిగ్గా పట్టిందో లేదో చేత్తో పిండి చూసేవాడు. ఆ చేత్తోనే బీడీ వెలిగించేవాడు. అంత పనిమంతుణ్ణి నేను మళ్ళీ చూడలేదు, చూస్తానని కూడా అనుకోను.

రంగుల పనివాళ్ళలో ఒక నమ్మకం ఉండేది. ఎర్ర తొట్టి మీద పని చేసినరోజు చెమట ఎరుపు, ఉమ్మి ఎరుపు, స్నానం చేసిన నీళ్ళు ఎరుపు. కాబట్టి ఒంటికి పోయినప్పుడు ఎర్రగా కనబడినా వాళ్ళు కంగారు పడేవాళ్ళు కాదు. "రంగు దిగుతాంది" అనేవాళ్ళు. ఒంట్లోకి పోయిన రంగు బయటికి పోతోందని, అది మంచిదేనని అర్థం. రెండు చెంబుల పలచటి మజ్జిగ తాగి మర్నాడు మళ్ళీ తొట్టి దగ్గరికి పోయేవాళ్ళు. ఎవరూ దాచుకునేవాళ్ళు కాదు, దాని మీద ఎగతాళి కూడా చేసుకునేవాళ్ళు. బావకు చాలా నెలలుగా రంగు దిగుతూనే ఉందట. అక్కకు తెలుసు, పక్క తొట్టి వాళ్ళకు తెలుసు. ఎవరికీ అనుమానమే రాలేదు.

ఎనభైలు వచ్చాక ఒక వేసవిలో నూలు రాక పని నిలిచిపోయింది. అక్కా బావా ఆదోనిలో మా ఇంటికి వచ్చి చాలా రోజులు ఉన్నారు. ఒకనాడు పొద్దున బావ స్నానాల బచ్చలింట్లోంచి వచ్చాక నేను నీళ్ళు పోసుకోవడానికి పోయాను. బండ మీద ఎరుపు. నీళ్ళు సరిగ్గా పోయలేదేమో, మూలన చిన్న గడ్డ కూడా ఉంది.

"బావా! ఏందిది?" అని అక్కణ్ణుంచే కేక పెట్టాను.

వసారాలో కూర్చుని బొరుగుల ఉగ్గాని, బజ్జీ తింటున్నాడు. తల కూడా ఎత్తలేదు. "రంగు దిగుతాందిలేమ్మే. దానికి ఊరంతా వినపడేట్టు అరవల్లనా?"

"రంగు ముట్టుకుని ఎన్నాళ్ళాయె నువ్వు? తొట్టే లేకుంటే రంగు యాడ నుంచి దిగుతాది?"

బజ్జీ నోటి దాకా పోయి ఆగిపోయింది. అక్క చేతిలో చెంబు పట్టుకుని నిలబడిపోయింది. ముగ్గురికీ ఒక్కసారే అర్థమైంది. నూలు రాకపోవడం ఆ ఏడు ఎమ్మిగనూరులో ఎందరి కడుపులో కొట్టిందో నాకు తెలుసు. కానీ నూలు వచ్చి ఉంటే బావ మాకు మిగిలేవాడు కాదు. ఈ మాట అన్యాయమైనదే అయినా అనకుండా ఉండలేను.

ఆదోనిలో అప్పటికి కొత్తగా ఒక చిన్న ఆసుపత్రి పెట్టిన సర్జన్ ఉండేవాడు. బొంబాయిలో చదువుకుని సొంతూరికి వచ్చినవాడు. మనిషి మెతక. నా లాంటిది గట్టిగా మాట్లాడితే ఒక అడుగు వెనక్కి వేసేవాడు. పని మాత్రం ఉక్కు. నడుముకు మత్తు ఇచ్చి, మూత్రం వచ్చే దారిలోంచి సన్నటి గొట్టం పంపి, దాని కొసన ఉన్న అద్దంలో లోపల చూశాడు. మూత్రాశయం గోడల మీద చిన్న చిన్న పువ్వుల్లా గడ్డలున్నాయన్నాడు. క్యాన్సర్ అన్నాడు. ఏం పని చేస్తావని బావను అడిగాడు. కొన్ని రంగుల్లోని విషం రక్తంలో కలిసి, చివరికి మూత్రంతో పాటు వచ్చి మూత్రాశయంలో గంటలకొద్దీ నిలబడుతుందని, ఏళ్ళు గడిచాక అక్కడ గోడ చెడుతుందని చెప్పాడు. బీడీ దానికి తోడన్నాడు. బావ తన చేతులకేసి చూసుకున్నాడు. అంతవరకు ఆ చేతుల్ని ఆయన గర్వంగా తప్ప ఇంకోరకంగా చూడగా నేను చూడలేదు.

బెంగుళూరు పంపితే అక్కడ గడ్డలు గీకి తీసేశారు. హమ్మయ్య అనుకున్నాం. కొన్ని నెలలకే మళ్ళీ మొలిచాయి. మళ్ళీ గీకారు. ఈసారి బెంగుళూరు డాక్టర్లు తేల్చి చెప్పారు. గడ్డలు ఇంకా పైపొరలోనే ఉన్నాయి. లోపలి కండలోకి దిగితే మనిషి దక్కడం కష్టం. అందుకని ఇప్పుడే మూత్రాశయం మొత్తం తీసేసి, పొట్ట మీద దారి పెట్టి, బయట సంచి తగిలించుకుంటే మంచిది. లేదంటే కొత్తగా ఒక వైద్యం వచ్చింది, బీసీజీ మందును నేరుగా మూత్రాశయంలో పోయడం. పని చేస్తే సంచీ అక్కర్లేదు, కోతా అక్కర్లేదు. చేయకపోతే ఈలోగా గడ్డ కండలోకి దిగొచ్చు. మీ ఊరి డాక్టరు పోయగలడు, మీరే ఆలోచించుకోండి అన్నారు.

ఆదోని డాక్టరు ఎదురుగా ముగ్గురం కూర్చున్నాం. అక్క నా మీదే లేచింది. "బీసీజీ అంటే పిల్లోళ్ళకు నువ్వు పొడిసేదే కదే? క్షయ పురుగును తీసకపోయి ఆడ పోస్తారా? ఎవురన్నా వింటే నవ్విపోతారు. సంచో గించో, నాకు మనిషుంటే సాలు. కోసేయండి సామీ!"

"సంచి కట్టుకోని నేను యాడికి పోయేది?" అన్నాడు బావ. అంతవరకు ఆయన నోట ఎగతాళి లేని మాట నేను వినలేదు. "మంత్రాలయం పోతే నలుగురితో ఏట్లో మునగల్ల. పెండ్లికి పోతే బంతిలో కూర్చోవల్ల. వాసనొస్తాందని పక్కనోడు జరిగితే నేను బతికేది ఎట్ల?"

డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. "అమ్మా, క్యాన్సర్ బయటి నుంచి వచ్చింది కాదు, సొంత ఒంట్లో పుట్టింది. అందుకే ఒంట్లో కాపలా కాసే కణాలు దాన్ని ఇంటిమనిషే అనుకుని వదిలేస్తాయి. ఇంట్లో దొంగ ఉన్నాడనుకోండి, నిద్రలో ఎవరికి తెలుస్తుంది? అప్పుడు వీధిలోంచి ఒక పిచ్చికుక్క లోపలికి దూరిందనుకోండి. వీధి వీధంతా కట్టెలు తీసుకుని లేస్తుంది, దీపాలు పెడుతుంది. ఆ గోలలో దొంగ కూడా దొరుకుతాడు. ఈ పురుగు ఆ కుక్క. కోరలు పీకిన కుక్క."

నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. అన్నేళ్ళు ఎండల్లో మోసిన ఫ్లాస్కులో ఇంత సంగతి ఉందా! నేను భుజాల మీద బొబ్బ లేచిందా లేదా అని చూసేదాన్నే తప్ప, ఆ బొబ్బ కింద ఒళ్ళు లేచి కర్ర పట్టుకుంటోందని ఎప్పుడూ ఊహించలేదు. "పోయండి సార్" అన్నాను, నన్నెవరూ అడగకుండానే.

"నీ సొమ్మేం పోయె!" అంది అక్క. ఇంటికొచ్చాక నాతో రెండు పూటలు మాట్లాడలేదు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. వారానికోసారి చొప్పున డాక్టరు చెప్పినన్ని సార్లు మందు పోయించుకోవాలి. తర్వాత గొట్టం వేసి చూస్తారు. ఒక్క గడ్డ కనపడినా సరే, బావ నోరెత్తకుండా కోతకు పోవాలి. బావ అక్క నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

మందు మద్రాసు నుంచి రైల్లో వచ్చేది. పిల్లలకు చుక్క చాలు, బావకు బోలెడన్ని గాజు గొట్టాల మందు కలపాలి. మొదటిసారి స్టేషనుకు నేనే పోయాను. మద్రాసు మెయిలు ఎప్పటి మాదిరే ఆలస్యం. ప్లాట్‌ఫారం పెనంలా కాలుతోంది. పార్సిలు విప్పితే ఐసు కరిగి గోరువెచ్చగా అవుతున్న నీళ్ళు! స్టేషను బయట గోలీసోడా కొట్టుకు పరుగెత్తి "ఐసు ఇయ్యప్పా" అంటే, "సోడా తాగితేనే ఐసు" అన్నాడు ఆ కొట్టు మనిషి. నా నోటికి ఏం వచ్చిందో ఇక్కడ రాయలేను. ఐసు గడ్డ మొత్తం గోనెసంచితో సహా ఇచ్చి, జట్కా దాకా మోసి పెట్టాడు పాపం.

పోసేరోజు బావకు పొద్దుటి నుంచి నీళ్ళు, టీ బంద్. టీ లేకపోతే ఆయనకు ప్రపంచమే లేదు. "ఇది క్యాన్సర్ కన్నా ఘోరం" అని గొణిగేవాడు. సన్నటి రబ్బరు గొట్టంతో మందు లోపలికి పోశాక రెండు గంటలు ఆపుకోవాలి. మందు గోడలన్నిటికీ తగలాలని ఒకసారి వెల్లకిలా, ఒకసారి బోర్లా, ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క తిప్పాలి. అక్కా నేనూ చెరోవైపు నిలబడి తిప్పేవాళ్ళం. "జొన్నరొట్టెను తిప్పినట్ల తిప్పుతాండారు కదే నన్ను. మాడిపోయినానేమో వాసన సూడండి" అనేవాడు. అక్క నవ్వు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకునేది. నాతో సరిగ్గా మాట్లాడకపోయినా, ఆయన మూత్రం పోసిన చోట ఆ పురుగు చచ్చేట్టు బ్లీచింగ్ పొడి చల్లడం, మర్నాడు పొద్దున గాజు సీసాలో పట్టించి ఎరుపుందేమోనని వెలుతురుకు పెట్టి చూడటం, అన్నీ తనే. ఒక్కనాడూ ముక్కు మూసుకోలేదు. ఆ కోతే కావాలని అంతగా పట్టుబట్టిన మనిషి, తనకు నమ్మకం లేని వైద్యానికి నమ్మకం ఉన్నవాళ్ళ కంటే శ్రద్ధగా చాకిరీ చేసింది. నాకు అక్క అంటే చిన్నప్పటి నుంచీ భయమే ఉండేది. గౌరవం పుట్టింది అప్పుడే.

మొదట్లో బాగానే గడిచింది. పోసుకునేటప్పుడు మంట అనేవాడు, అంతే. సగం అయ్యాక ఒక మధ్యాహ్నం వణుకు మొదలైంది. మూడు దుప్పట్లు కప్పినా మంచం టకటకా కొట్టుకుంది. కళ్ళు తేలేశాడు. ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరు మొహం కూడా మారింది. ఆ పురుగు మూత్రాశయం దాటి రక్తంలోకి పోయిందేమోనని భయం. క్షయకు ఇచ్చే మాత్రలు మొదలుపెట్టి, మందు పోయడం ఆపేశాడు.

జ్వరం దిగిందాకా అక్క ఆయన మంచం వదలలేదు. దిగాక నా వైపు తిరిగింది. "సాలు. ఇంక సాలు. కోయించుకుంటే ఈపాటికి ఇంట్లో ఉండేటోడు. నీ మాట ఇని నేను మనిషిని పోగొట్టుకోల్లనా?" అని భోరుమంది. నాకూ ఏడుపు ఆగలేదు. నిజంగానే నాకు భయమేసింది. ఆపితే సంచి తప్పదు. కొనసాగిస్తే ప్రాణానికే ముప్పేమో.

బావే డాక్టరును దగ్గరికి పిలిచాడు. గొంతు పీలగా ఉంది. "సామీ, నాకు ఒక్క సంగతి సెప్పు. ఇంత జొరం వచ్చింది గదా, అంటే లోపల కుక్కను సూసి వీదోళ్ళు లేసినట్టేనా?"

డాక్టరు నవ్వాపుకోలేకపోయాడు. "లేచినారు పెద్దాయనా. కొంచెం ఎక్కువే లేచినారు."

"అట్లయితే వాళ్ళను మళ్ళా పండుకోబెట్టద్దు. నేను తట్టుకుంటా. మందు తగ్గించి పొయ్యి, కానీ పొయ్యి."

ధైర్యం అంటే నాకు ఇప్పటికీ ఆ మాటే. వారాలు ఆగి, మందు తగ్గించి, మిగిలినవి పూర్తి చేశారు. ప్రతిసారీ రాత్రికి జ్వరం వచ్చేది. వచ్చిన ప్రతిసారీ "వచ్చినార్రా మావాళ్ళు" అని ముసుగు తన్నేవాడు.

ఇప్పుడు నాకు వయసు మళ్ళింది. ఈ మధ్య పేపర్లో చదివాను, ఆ కాపలా కణాలనే మనిషి రక్తంలోంచి బయటికి తీసి, ప్రయోగశాలలో వాటిని మార్చి, ఫలానా దాన్ని పట్టుకోవాలని గుర్తు నేర్పి, పెంచి, తిరిగి ఆ మనిషికే ఎక్కిస్తున్నారట. రక్తంలో వచ్చే కొన్ని క్యాన్సర్లకు అది బాగా పని చేస్తోందట. మూత్రాశయం క్యాన్సర్‌కు కూడా ఆ దారి పనికొస్తుందేమోనని పరిశోధనలు సాగుతున్నాయట. చదివి పేపరు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అప్పుడు మేం చేసింది వీధిలో గోల పెట్టి అందరినీ లేపడం. ఇప్పుడు వీళ్ళు ఒక్కొక్కడికీ దొంగ మొహం చూపించి మరీ పంపుతున్నారు. ఆహా! మనిషి బుర్రను మెచ్చుకోవాలా, ఆ కణాలను మెచ్చుకోవాలా? ఆ డాక్టరు ఉంటే పరుగెత్తిపోయి చెప్పి ఉండేదాన్ని. రంగుల తొట్ల దగ్గర పనిచేసిన ఎందరో ఆ పని వల్లే పోయారేమో, ఎవరూ లెక్క రాయలేదు. వాళ్ళ పిల్లలకైనా ఇది అందాలని నా కోరిక.

అప్పుడు మందు పోయడం ముగిశాక, మళ్ళీ గొట్టం వేసి చూసేరోజు వచ్చింది. అక్క లోపలికి రానంది. వరండాలో గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. బావకు నడుముకు సూది వేసి, కింది భాగమంతా మొద్దుబారాక, డాక్టరు చూడటం మొదలుపెట్టాడు. ఎంతసేపటికీ కన్ను తీయడు. బావ కప్పుకేసి చూస్తూ పడుకున్నాడు. ఒట్టు గుర్తున్నట్టుంది, పెదవులు బిగించాడు.

డాక్టరు తల ఎత్తి నాకేసి చూశాడు. "మీరూ చూడండమ్మా" అన్నాడు.

వంగి కన్ను పెట్టాను. లేత గులాబీ రంగు గోడ. సన్నటి ఎర్రటి నరాలు. అక్కడక్కడా కాస్త వాచినట్టుంది. పువ్వులు లేవు. ఈ మూల నుంచి ఆ మూల దాకా డాక్టరు గొట్టం తిప్పి తిప్పి చూపించాడు. లేవు.

"ఏమ్మే, మాట్లాడవేంది? ఉండాయా?"

"లేవు బావా."

"సరిగ్గా సూడు. నీకు కండ్లు కనపడవు."

"లేవంటాంటే!" అని అరిచాను. అరుస్తూనే ఏడ్చాను. డాక్టరు నా అరుపుకు అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇది గెలుపే కానీ, ఇక ముందు కూడా గొట్టం వేసి చూస్తూనే ఉండాలని, రంగూ బీడీ ముట్టకూడదని చెప్పాడు. ఇప్పటికైతే కోత అక్కర్లేదన్నాడు. గొట్టం తీసేసి, బావకు ఛాతీ దాకా దుప్పటి కప్పి, అక్కను పిలవమన్నాడు.

నా మొహం చూసి అక్క ఏమనుకుందో ఏమో, గోడ పట్టుకుని లేచింది. "గడ్డలు లేవక్కా, ఒక్కటి కూడా లేదు" అన్నాను. నమ్మలేదు. డాక్టరు నోట విన్నాకే నమ్మింది. చెప్పులు గుమ్మం బయట వదిలి, గుడిలోకి వచ్చినట్టు వచ్చింది. బావ దగ్గరికి పోయి, దుప్పటి మీద, ఆయన పొత్తికడుపు మీద అరచెయ్యి పెట్టింది. తీసేయమని తను పోట్లాడింది ఆ చోటునే. అట్లాగే నిలబడింది.

బావకు మత్తు ఇంకా దిగలేదు. అక్క చెయ్యి ఎటు పోయిందో కనపడక తల ఎత్తబోయాడు.

"యాడ పెట్టినావే చెయ్యి? నాకేం తెలియడం లేదు."

"పెట్టినాలే" అంది అక్క. "నీకు తెలిసిందాకా తియ్యను."